ఇంగ్లీషులోని లాటిన్ పదాలు: తత్సమ, తద్భవ దృష్టితో ఒక పరిశీలన

ఇంగ్లీషు పదసంపదను పెంచుకోదలచిన విద్యార్థి చేతికి తరచుగా వచ్చేది లాటిన్ ధాతువుల పట్టిక. 1949లో వెలువడిన నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ పోటీపరీక్షలకు చదివే మన విద్యార్థులకు చిరపరిచితమే. ‘మానుస్’ అంటే చేయి, ‘స్క్రిబెరె’ అంటే రాయడం, కనుక ‘మాన్యుస్క్రిప్ట్’ చేతిరాత ప్రతి. ఇంతవరకు పద్ధతి చక్కగా నడుస్తుంది. కానీ ‘పెన్’ తెలిసిన విద్యార్థి ‘పెన్సిల్’ కూడా దానినుంచే పుట్టిందనుకుంటే పొరపడినట్లే. మొదటిదానికి మూలం ఈక అనే అర్థమున్న ‘పెన్నా’. రెండవదానికి మూలం చిన్న కుంచెను చెప్పే ‘పెనికిల్లుస్’. ఏ పదం ఏ కాలంలో, ఏ దారిన వచ్చిందన్నది పట్టిక చెప్పదు. ఆ లోటును పూరించడానికి మన వ్యాకర్తల తత్సమ, తద్భవ విభాగం ఉపకరిస్తుందని ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాను.

లాటిన్ పదాలు ఇంగ్లీషులోకి ఒక్కసారిగా రాలేదు. ఆంగ్లో-సాక్సన్ జాతులు బ్రిటన్ చేరకమునుపే, రోమనులతో వర్తక, సైనిక సంబంధాల వల్ల ‘వైన్’, ‘చీజ్’, ‘స్ట్రీట్’ వంటివి వారి నోటికెక్కాయి. 597లో అగస్టీన్ కెంట్‌కు వచ్చిన తరువాత క్రైస్తవ మతంతోపాటు ‘మాస్’, ‘క్యాండిల్’ వంటివి చేరాయి. 1066 నార్మన్ విజయం తరువాత లాటిన్ సంతానమైన ఫ్రెంచి ద్వారా మరెన్నో పదాలు దిగాయి. పదహారవ శతాబ్దిలో పండితులు గ్రంథాలనుంచి నేరుగా తెచ్చుకున్నారు.

ఈ చివరి రెండు దశల ఫలితంగానే ఇంగ్లీషులో జంటపదాలు ఏర్పడ్డాయి. ‘ఫ్రగిలిస్’ నుంచి ‘ఫ్రాజైల్’, ‘ఫ్రెయిల్’. ‘సెకూరుస్’ నుంచి ‘సెక్యూర్’, ‘ష్యూర్’. ‘కంప్యుతారె’ నుంచి ‘కంప్యూట్’, ‘కౌంట్’. ప్రతి జంటలో మొదటిది తత్సమప్రాయం, రెండవది తద్భవప్రాయం. మన యాత్ర, జాతరల వలెనే ఇవీ రూపంతోపాటు అర్థంలోనూ విడిపోయాయి. అయితే ఇక్కడొక సవరణ అవసరం. ‘ఫ్రెయిల్’లోని మార్పు ప్రధానంగా ఇంగ్లీషువారి నోట జరిగినది కాదు, అంతకుముందే ఫ్రెంచిలో జరిగినది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తద్భవాన్ని సంస్కృతభవమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, ప్రాకృతభవాన్నీ చేర్చాడు. ఆ సూక్ష్మభేదం ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. ‘వైన్’ సంస్కృతభవానికి దగ్గర, ‘ఫ్రెయిల్’ ప్రాకృతభవానికి దగ్గర.

నేరుగా తెచ్చుకున్న పదాలపై అప్పట్లో పెద్ద వివాదమే నడిచింది. రాతగాళ్లు సిరా పోసి ఉంచుకునే కొమ్మును బట్టి ప్రత్యర్థులు వీటిని ‘ఇంక్‌హార్న్’ మాటలని ఎగతాళి చేశారు. థామస్ విల్సన్ 1553 నాటి తన అలంకారగ్రంథంలో అటువంటి మాటలతో నిండిన ఒక హాస్యలేఖను చేర్చాడు. జాన్ చీక్ బైబిల్ అనువాదంలో ‘సెంచూరియన్’కు బదులు ‘హండ్రెడర్’ అన్నాడు. తర్కశాస్త్రం రాసిన రాల్ఫ్ లీవర్ 1573లో ‘కంక్లూజన్’ స్థానంలో ‘ఎండ్‌సే’ను నిలపబోయాడు. ఈ కల్పనలు నిలవలేదు.

ఇంచుమించు ఆ కాలంలోనే, ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, పొన్నికంటి తెలగనార్యుడు తత్సమాలను విడిచి యయాతి చరిత్రమును రచించాడు. వీటి మధ్య ఏ ప్రభావసంబంధమూ లేదు. పోలిక కంటే భేదమే ఆలోచింపజేస్తుంది. అచ్చతెలుగు కావ్యం తద్భవాలను తన సొత్తుగా స్వీకరించింది. చీక్ 1557లో మిత్రుడు హోబీకి రాసిన లేఖలో ఇంగ్లీషు శుద్ధంగా ఉండాలంటూ వాడిన ‘ప్యూర్’ అనే మాట లాటిన్‌నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చినదేనని విమర్శకులు నవ్వుకోవడం కద్దు. అచ్చతెలుగు నియమంతో కొలిస్తే అందులో దోషం లేదు; అది అప్పటికే తద్భవం.

వివాదంలో పండితులదే పైచేయి అయింది. 1604లో రాబర్ట్ కాడ్రీ సుమారు 2,500 కఠినపదాలకు తేలిక ఇంగ్లీషులో అర్థాలిస్తూ నిఘంటువు కూర్చాడు. స్త్రీలకూ, పాండిత్యం లేని ఇతరులకూ ఉపకరించడం దాని ఉద్దేశమని ముఖపత్రమే చెబుతుంది. పదసంపద పెంచే పుస్తకాలకు ఇదొక పూర్వరూపం.

పండితులు అంతటితో ఆగక తద్భవాలకు తత్సమ వేషం కట్టారు. ఫ్రెంచి నుంచి ‘డెట్’, ‘డౌట్’ పదాలు వచ్చినప్పుడు వాటి వర్ణక్రమంలో ‘బి’ లేదు. ‘దెబితుమ్’, ‘దుబితారె’ అనే లాటిన్ రూపాలను చూసి తరువాత చేర్చారు. ఆ ‘బి’ని పలికి తీరాలని పట్టుబట్టే హోలోఫెర్నిస్ అనే పంతులును షేక్‌స్పియర్ ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’లో వేళాకోళం చేశాడు. ‘ఐలాండ్’ సంగతి మరీ విచిత్రం. అది జర్మానిక్ మూలానికి చెందిన పదం, మన పరిభాషలో దేశ్యం. ‘ఇన్సులా’ నుంచి వచ్చిన ‘ఐల్’తో చుట్టరికం ఊహించి దానికి ‘ఎస్’ తగిలించారు. ధాతుపట్టికలో ‘ఐలాండ్’ను ‘ఇన్సులా’ కింద చేర్చితే, నాలుగు వందల ఏళ్లనాటి ఆ పొరపాటునే విద్యార్థికి మళ్లీ నేర్పినట్లవుతుంది.