అవతలి కొసన పాట

ఇంకో రెండు కర్రలు తొయ్యరా నెగడులోకి. అలా అడ్డంగా కాదు, కొసలు లోపలికి. ఆఁ, అంతే. పొగ నీ మీదికే పోతోంది అమ్మలూ, ఇటొచ్చి నా పక్కన కూర్చో. మీ మామ్మ బూడిదలో చిలగడదుంపలు కప్పెట్టింది. అవి ఉడికేలోపు చెప్తాను.

పొద్దున్న సంతలో సవర ముసలాయన భుజాన విల్లు చూసి అడిగావు కదరా, "తాతా, దాంతో నిజంగా కొడతారా?" అని. కొడతారు. నీ అంత ఉన్నప్పుడు మా అయ్యతో శీతంపేట సంతకి వెళ్ళేవాణ్ణి. సవరలు కొండ దిగి చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు తెచ్చేవారు. కొందరి భుజాన విల్లుండేది. వెదురుతో చేసిన విల్లు, దానికి నారి కూడా వెదురు బద్దే. పోడు చేల మీద అడవిపంది పడితే అదే దిక్కు. మన ఇంట్లో కొడవలి ఎలాగో వాళ్ళింట్లో అదలాగ. విల్లంటే పంటని కాపాడేది, కూర తెచ్చేది, అంతే అనుకునేవాణ్ణి. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

అప్పటికి భూటాన్‌లో ఉన్నాను. ఐటీఐలో వెల్డింగు నేర్చుకుని, చుఖా దగ్గర వాంగ్‌ఛు నది మీద కరెంటు ప్రాజెక్టు కడుతున్నారంటే పోయాను. 336 మెగావాట్లది. మన దేశమే డబ్బిచ్చి కట్టించింది, అరవై వంతులు ఊరికే, నలభై వంతులు అప్పుగా. కొండ పైనించి నీళ్ళు దిగే ఉక్కు గొట్టాలకి అతుకులు వెయ్యడం నా పని. హౌరా దాకా ఒక రైలు, అక్కణ్ణించి రైళ్ళు మారుతూ హసిమారా, అక్కడ దిగి బస్సెక్కితే సరిహద్దులో ఫుంట్‌షోలింగ్. ఆ ఊరు దాటాక ఇక అంతా ఎక్కుడే. ఆ రోడ్డు కూడా మనవాళ్ళు వేసిందే. 1961లో దంతక్ అని పేరు పెట్టి మొదలెట్టారు. రోడ్డు పడక ముందు సరిహద్దు నించి థింఫూకి కంచరగాడిదల వెంట ఆరు రోజులు నడిచేవారట. మేం వెళ్ళేనాటికి పొద్దున్న ఎక్కితే సాయంత్రానికి దిగిపోవడమే. మలుపు మలుపుకీ కడుపులో తిప్పేది, ఆ సంగతి వేరు.

అక్కడ మా గిడ్డంగిలో సామాన్లు అందించే కుర్రాడొకడు నాకు నేస్తమయ్యాడు. పారో లోయ వాడు. మాకిద్దరికీ హిందీ అంతంత మాత్రమే. అయినా రోజూ కబుర్లే. 1983లో లోసర్ వచ్చింది. లోసర్ అంటే వాళ్ళ సంవత్సరాది, మనకి ఉగాదిలాగ. "మా ఊర్లో బాణాల ఆట ఉంది, రా" అన్నాడు. లారీ పట్టుకుని వెళ్ళాం.

సాయంత్రానికి వాళ్ళింటికి చేరాం. వాళ్ళమ్మ ఎర్రన్నం, పచ్చిమిరపకాయలూ జున్నూ వేసి వండిన కూర పెట్టింది. మిరపకాయ అక్కడ కారం కోసం వెయ్యరు నాయనా, కూరే అది. మన గుంటూరు వాడికైనా కళ్ళనీళ్ళు తిరుగుతాయి. నేను తింటుండగానే నా నేస్తం దుప్పటి చుట్టుకుని బయల్దేరాడు. అప్పుడే పెళ్ళాం కనిపించిందని మురిసినవాడు, రాత్రికి ఇంట్లో పడుకోడట! ఆట ముందు రోజు రాత్రి జట్టు జట్టంతా ఒకచోటే పడుకోవాలి. ఇల్లు, పెళ్ళాం, పిల్లలు, ఎవరి దగ్గరా ఉండకూడదు. వాళ్ళ ఊరి చివర గడ్డివాములో పడుకున్నారు అందరూ. జోస్యం చెప్పే ఆయనొకరు ఉంటాడు, ఎవరు ముందు వెయ్యాలి, ఏ దిక్కు నించి మైదానంలోకి నడవాలి, అన్నీ ఆయనే లెక్కగట్టి చెప్తాడు. ఊరి దేవతకి మొక్కుతారు. వాళ్ళకిది ఊరి పరువుతో పని.

ఆడవాళ్ళు విల్లు ముట్టుకోకూడదని పాత నియమం ఒకటుంది. అమ్మలూ, నువ్వు మొహం అలా పెడతావని నాకు తెలుసు. విను మరి. నేనా ఆట చూసిన మరుసటేడు, 1984లో, భూటాన్ మొట్టమొదటిసారి ఒలింపిక్స్‌కి వెళ్ళింది, అమెరికాలో లాస్ ఏంజెలస్‌కి. ఆరుగురిని పంపింది, ఆరుగురూ విలుకాళ్ళే. అందులో ముగ్గురు ఆడపిల్లలు. రేడియోలో వింటే మా క్యాంపులో భూటాన్ వాళ్ళ కంటే నేనే ఎక్కువ గంతులేశాను.

సరే, తెల్లారింది. లోయలో ఇంకా ఎండ దిగలేదు. కోసేసిన వరి మళ్ళు, వాటి పక్కన పొడుగ్గా ఒక మైదానం. ఆ కొండల్లో అంత చదును నేల దొరకడమే కష్టం, దాన్ని ఇల్లు కట్టుకోకుండా, మడి చేసుకోకుండా బాణాలకి వదిలేశారు. ఈ కొసనొక పలక, ఆ కొసనొక పలక. రెంటి నడుమా నూట నలభై మీటర్ల పైనే. ఎంతనుకున్నావు? మన చెరువు గట్టు మీద రావిచెట్టు దగ్గర నిలబడి చూస్తే గుడి గంట ఎంత కనబడుతుందో, అంత. ఒలింపిక్స్‌లో వేసేది డెబ్భై మీటర్లు. వీళ్ళది దానికి రెండింతలు.

పలక ఎంతుంటుందో తెలుసా? రెండు మూరల ఎత్తు, జానెడు మీద నాలుగు వేళ్ళ వెడల్పు. మీ మామ్మ భోజనాల పీట లేదూ, దాన్ని నిలువుగా భూమిలో పాతిపెట్టినట్టు ఉంటుంది. రంగులేసి, నడిమిన గుండ్రంగా గుర్తు పెడతారు. ఈ కొసన నిలబడి చూశాను. నాది వెల్డరు కన్ను, వెంట్రుకంత వంకర ఉన్నా పట్టేస్తుంది. నాకా పలక ఒక మచ్చలాగ కనబడింది, అంతే.

అందరూ వచ్చారు. మగవాళ్ళు మోకాళ్ళ దాకా ఉండే నిలువు అంగీ తొడిగి, నడుముకి పట్టీ బిగిస్తారు. దాన్ని ఘో అంటారు. రొమ్ము దగ్గర అది సంచిలాగ వదులుగా ఉంటుంది, అందులో ఏదైనా పట్టేస్తుంది: గిన్నె, వక్కల పొట్లం, చిన్నపిల్లాడు కూడా. నా నేస్తం మేనమామ ఒకాయన ఉన్నాడు జట్టులో, అరవై దాటినవాడు. పెద్దవాళ్ళని అక్కడ "ఆప్" అని పిలుస్తారు. నేనూ ఆప్ అనే పిలిచాను. నన్ను చూసి తన అంగీలోంచి పొట్లం తీశాడు. చూస్తే తమలపాకు, సున్నం, వక్క! అంత దూరంలో, అంత చలిలో, మనింటి తాంబూలం. వాళ్ళు డోమా అంటారు. పచ్చివక్క అది, నమిలితే ఒళ్ళు వేడెక్కి చెమటలు పడతాయి. ఆ ఒక్క ఆకుతో ఆయన నాకు సొంత మేనమామ అయిపోయాడు.

ఆయన విల్లు చేతికిచ్చాడు చూడమని. రెండు వెదురు బద్దలు, నడిమిన పిడికిలి దగ్గర కలిపి కట్టినవి. పట్టుకున్న చోట ఆయన చేతి చెమటకి నల్లబడి, నునుపెక్కి ఉంది. నారి దురదగొండి లాంటి ఒక మొక్క పీచుతో పేనింది. బాణం సన్నటి వెదురుపుల్ల, కొసన ఇనప ములికి, వెనక పిట్ట ఈకలు. ఇంతే. మన సవరల విల్లుకి అన్నదమ్ములాగే ఉంది. నారి లాగబోతే సగం కూడా రాలేదు నాకు. ఇనప గొట్టాలు ఎత్తే చెయ్యిరా ఇది, అయినా రాలేదు.

ఆట మొదలైంది. ఒక్కొక్కరికి రెండేసి బాణాలు. నడిమి గుర్తులో తగిలితే మూడు, పలక మీద ఎక్కడ తగిలినా రెండు. తగలకపోయినా పలకకి బాణమంత దూరంలోపు దిగితే ఒకటి. ముందుగా ఇరవై అయిదు చేసినవాళ్ళదే గెలుపు. పలక వైపు సూటిగా పట్టుకుంటే బాణం సగం దారిలోనే నేల కరుస్తుంది. అందుకని ఆకాశంలోకి వేస్తారు. పైకి పోయి, ఎక్కడో వంపు తిరిగి, కిందికి దిగుతుంది. కన్ను ఒక చోట, బాణం ఒక చోట, పలక ఒక చోట. మధ్యాహ్నం దాటితే లోయలో గాలి లేస్తుంది, దానికీ లెక్క ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. పలక చుట్టూ మనుషులు నిలబడతారు! తమ వంతు కానివాళ్ళు, అవతలి జట్టువాళ్ళు, అందరూ కలిసి పలకకి రెండు మూడు అడుగుల దూరంలో. ఇటు నించి బాణం వదలగానే అటు వాళ్ళు ఆకాశంలోకి చూస్తూ, ఆఖరి క్షణంలో ఇటో అడుగు, అటో అడుగు పక్కకి తప్పుకుంటారు. మొదటి బాణానికి నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఒకడు పలక ముందు కాలెత్తి ఎగురుతున్నాడు, దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. చేతులూపి చెప్తున్నాడు, కుడికి మూరెడు తప్పింది అని.

ఆగలేక ఆప్‌ని అడిగాను, అక్కడెందుకు నిలబడతారని. ఆయన నన్ను వింతగా చూశాడు. "ఇంత దూరం నించి కొట్టినవాడికి ఎలా తెలుస్తుంది? ఎవరో ఒకరు చెప్పాలి కదా" అన్నాడు.

అంతే కాదు, అవతలి జట్టువాళ్ళు గుళ్ళు పేల్చినట్టు ఎగతాళి చేస్తారు. విల్లు ఎక్కుపెట్టినవాడికి మనసు చెదరాలని. నీ కన్ను పోయింది, నీ బాణం మీ ఆవుకి కూడా తగలదు, ఇలాంటివి. ఆడవాళ్ళు రంగు రంగుల నేత బట్టలు కట్టి, వరసగా చేతులు పట్టుకుని పాడుతూ అడుగులేస్తారు. తమ ఊరివాడు వేస్తే పొగుడుతూ ఒక పాట, అవతలివాడు వేస్తే వాణ్ణి దెప్పుతూ ఇంకోటి. అన్నీ అయ్యాక అదే దెప్పినావిడ అదే మనిషికి గిన్నెలో వెన్న వేసిన ఉప్పు టీ పోస్తుంది. పలక మీద బాణం తగిలితే మాత్రం జట్టంతా ఒక చోట చేరి, నిదానంగా కాళ్ళు ఎత్తి వేస్తూ, చేతులు తిప్పుతూ పాట పాడుతుంది. ఈ కొసన ఉన్నవాళ్ళు అందుకుంటారు. కొట్టినవాడి నడుం పట్టీలో ఒక రంగు గుడ్డ దోపుతారు. పొద్దుగూకేసరికి బాగా కొట్టినవాడి నడుం చుట్టూ తోరణంలాగ వేలాడుతుంటాయి.

ఒక తగువు చెప్పాలి మీకు. మా జట్టువాడి బాణం పలక పక్కన నేలలో దిగింది. మేం ఒకటి అన్నాం, అవతలివాళ్ళు లేదన్నారు. గొంతులు లేచాయి. ఒక పెద్దాయన వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, బాణం మొదలు పలక అడుగుకి ఆనించి నేల మీద చాచాడు. ములికి మొన వెళ్ళి, దిగిన బాణాన్ని తాకీ తాకనట్టు ఆగింది. చుట్టూ పాతిక తలలు వంగి ఉన్నాయి. ఆయన గడ్డిపోచ ఒకటి ఆ సందులో పెట్టి చూశాడు. పోచ దూరలేదు. లేచి ఒక వేలు చూపించాడు, ఒకటి అని. అప్పటిదాకా అరిచినవాళ్ళే ముందు నవ్వారు.

1971లో వాళ్ళ దేశం ఐక్యరాజ్యసమితిలో చేరిన ఏడే ఈ బాణాల ఆటని జాతీయ క్రీడ అని ప్రకటించారు. తరవాత తరవాత చక్రాలు బిగించిన విదేశీ విల్లులొచ్చాయి, వాటితో గురి బేగి కుదురుతుంది. వెదురు విల్లుల పోటీలు మాత్రం ఇప్పటికీ విడిగా జరుగుతూనే ఉన్నాయి. నాకది ప్రాణం లేచొచ్చిన మాట. మన కొండల్లో కూడా పిల్లకాయలు చదునైన జాగా ఒకటి చూసుకుని, రెండు పలకలు పాతితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. సవరల చేతుల్లో ఆ పని ఉంది. చుట్టూ నిలబడి పాడే ఊరు కూడా ఉండాలి, అంతే.

ఆప్ సంగతి చెప్పలేదు కదూ. పొద్దున్నించీ ఆయన బాణం ఒక్కటీ పలక తాకలేదు. ఒకటి పొట్టిగా పడేది, ఇంకొకటి దాటిపోయేది. అవతలి ఊరి ఆడవాళ్ళకి ఆయన మీద ఒక పాటే తయారైంది, ఆయన లేచి విల్లు పట్టుకుంటే చాలు మొదలెట్టేవారు. ఆయన మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. ప్రతి బాణానికీ ముందు నారి మీద బొటనవేలు ఒకసారి నడిపేవాడు, పసిపిల్ల తల నిమిరినట్టు.

కొండల్లో పొద్దు ఉన్నట్టుండి పోతుంది రా. అటు కొండ ఎండని మింగేసింది, లోయ నీలంగా అయిపోయింది. లెక్క దగ్గరదగ్గరగా ఉంది. ఆప్‌కి ఇంకా ఒక బాణం మిగిలింది. అప్పటికే పలక కనబడటం లేదు నాకు, మనుషులే నీడల్లా ఉన్నారు. రేపు వెయ్యమంటారేమో అనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆడవాళ్ళు కూడా పాట ఆపేశారు. అటు పలక దగ్గర ఉన్న నీడలు కదల్లేదు, అక్కడే నిలబడ్డాయి, ఈ చీకట్లో వచ్చే బాణం కోసం.

ఆయన బొటనవేలు నారి మీద నడిపాడు. విల్లు పైకెత్తాడు, పగలు ఎత్తిన దానికన్నా కొంచెం ఎక్కువే. వదిలాడు. నారి చప్పుడు వినబడింది. ఆ తరవాత ఏమీ లేదు. బాణం కనబడలేదు, పడిన చప్పుడూ రాలేదు. అంత దూరం మరి. నా పక్కన నేస్తం నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆప్ విల్లు కొస నేలకి ఆనించి, మెడ కాస్త వంచి, చెవి అటు పెట్టి నిలబడ్డాడు.

అవతలి కొసన పాట మొదలైంది.