అన్‌వెయిల్డ్ (నాటకం)

అన్‌వెయిల్డ్ అనునది రోహినా మాలిక్ ఆంగ్లంలో రచించి, తానొక్కరే నటించిన రంగస్థల నాటకం. శీర్షికకు "ముసుగు తొలగినది" అని అర్థం. ఐదుగురు ముస్లిం స్త్రీలు తమ మతాచారాన్ని, ఆధునిక పాశ్చాత్య సమాజంలోని జీవితాన్ని ఏ విధంగా సమన్వయించుకొన్నారో, అందుకు ఎట్టి మూల్యం చెల్లించారో తెలుపుటయే ఇందలి ఇతివృత్తం. ఈ నాటకం 2009లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో, షికాగో సమీపాన గల బర్విన్ పట్టణంలో, సిక్స్‌టీన్త్ స్ట్రీట్ థియేటర్ నందు తొలిసారిగా ప్రదర్శింపబడినది. దర్శకురాలు ఆన్ ఫిల్మర్.

నేపథ్యం

రోహినా మాలిక్ దక్షిణాసియా మూలాలు కలిగిన కుటుంబానికి చెందినవారు. లండన్‌లో పెరిగి, తరువాత షికాగో ప్రాంతంలో స్థిరపడ్డారు. 2001 సెప్టెంబరు 11 నాటి ఉగ్రవాద దాడుల పిదప అమెరికాలో ముస్లింల పట్ల ద్వేషం ప్రబలినది. ఆ దేశపు ఎఫ్.బి.ఐ. లెక్కల ప్రకారం ముస్లిం వ్యతిరేక ద్వేష నేరాల ఘటనలు 2000లో 28 కాగా, 2001లో 481కి పెరిగినవి. తలపై ధరించు హిజాబు వలన స్త్రీలు సులభంగా గుర్తింపబడుచుండిరి. ఈ పరిస్థితియే నాటకానికి ఆధారం.

పాత్రలు

* మరియం: పాకిస్తానీ మూలాలు గల కుట్టుపనివారు. పెళ్ళి దుస్తులు కుట్టుట ఎందుకు మానివేసినదో చెప్పును.
* నూర్: మొరాకో సంతతికి చెందిన న్యాయవాది. ద్వేషపూరిత హింస వలన ఆమె జీవితం తలక్రిందులైనది.
* ఇనెజ్: టెక్సాస్‌కు చెందిన ఆఫ్రికన్ అమెరికన్ ముస్లిం.
* షబానా: పశ్చిమ లండన్‌కు చెందిన ర్యాప్ గాయని. కుమార్తె హిజాబు ధరించుట తల్లికి ఇష్టం లేదు.
* లైలా: అరబ్బు సంతతికి చెందిన భోజనశాల యజమాని.

ప్రదర్శన విధానం

తెలుగునాట ఏకపాత్రాభినయంలో నటుడు సాధారణంగా దుర్యోధనుని వంటి ఒకే పాత్రను ధరించును. ఇందులో ఒకే నటి మాటతీరు, యాస, నడక మార్చుచు ఐదు పాత్రలనూ పోషించును. ప్రతి స్త్రీయు తేనీరు అందించుచు తన కథ చెప్పును. ప్రేక్షకుడు ఆ ఇంటికి వచ్చిన అతిథి స్థానంలో ఉండును. ఆతిథ్యమిచ్చు వ్యక్తిని అపరిచితురాలిగా భావించుట కష్టం. నాటకపు బలం ఇందులోనే ఉన్నది.

విశేషాలు

సంప్రదాయం పెద్దలు పిల్లలపై రుద్దునదనియు, ఆధునికత దానిని తొలగించునదనియు ఒక సాధారణ అభిప్రాయం కలదు. షబానా కథ దీనిని తారుమారు చేయును. ఇక్కడ ఆచారాన్ని కోరుకొన్నది కుమార్తె, వద్దన్నది తల్లి. అదే యువతి ర్యాప్ పాడుటయు మానదు. హిజాబు ధరించవలెనా, వద్దా అను విషయమై నాటకం తీర్పు చెప్పదు. నిర్ణయాధికారం ఆ స్త్రీదేనని సూచించును.

అమెరికాలోని పలు నగరాలలోను, దక్షిణాఫ్రికాలో గ్రాహమ్స్‌టౌన్ జాతీయ కళోత్సవంలోను ఈ నాటకం ప్రదర్శింపబడినది. యాస్మినాస్ నెక్లెస్, ద మెక్కా టేల్స్ ఈ రచయిత్రి ఇతర నాటకాలు.