పిచ్చాసుపత్రి గోడ నుంచి పల్లె గడప దాకా

మనోవ్యాధుల చరిత్ర అంటే కేవలం వైద్యుల చరిత్ర కాదు. ఆ వ్యాధి వచ్చిన మనిషిని సమాజం ఎక్కడ వుంచింది, అతని ఆలుబిడ్డలకు ఏ దారి చూపింది అన్నదే అసలు చరిత్ర. జగ్గయ్యపేట, నందిగామ మెట్టప్రాంతంలో, పాత నైజాం సరిహద్దున వున్న వత్సవాయి వంటి వూరి నుంచి యీ ప్రశ్న వేసుకుంటే సమాధానం స్పష్టంగానే కనబడుతుంది.

కంపెనీ హయాంలోనే, 1794లో, చెన్నపట్నంలో పిచ్చాసుపత్రి వెలసింది. 19వ శతాబ్దంలో వాల్తేరులో మరొకటి వచ్చింది. వీటికి ప్రాతిపదిక వైద్యం కాదు, శాంతిభద్రతలు. 1857 తిరుగుబాటు మరుసటి సంవత్సరమే వచ్చిన చట్టాలూ, వాటి స్థానంలో వచ్చిన 1912 చట్టమూ రోగిని పోలీసు చేతికీ, మేజిస్ట్రేటు ఉత్తర్వుకూ అప్పగించాయి. వత్సవాయికి వాల్తేరు నాలుగువందల కిలోమీటర్ల దూరం. కూలికి పోతేగాని పొయ్యి వెలగని కుటుంబం అక్కడికి మనిషిని పంపడమంటే శాశ్వతంగా వదులుకోవడమే. ఆ పంపడం కూడా ఎందరికి సాధ్యం? 1946లో భోర్ కమిటీ వేసిన లెక్క ప్రకారం, యీ దేశంలో నలభైవేలమందికి ఒక్క పడక వున్నది; ఇంగ్లండులో మూడువందలమందికి ఒకటి వున్నది.

మిగిలినవారు గుడికో, దర్గాకో పోయారు. దీనిని మూఢవిశ్వాసమని కొట్టిపారవేయడం మనకు అలవాటు. మూఢవిశ్వాసమే, సందేహం లేదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా వద్ద నడిచిన ఒక ఆశ్రమం అంటుకుంటే, గొలుసులతో కట్టివేసిన 28 మంది కాలిపోయారు. కాని ఆ విశ్వాసం అన్నాళ్ళు ఎందుకు నిలిచిందో కూడా అడగాలి. గుడి మండపం తల్లినీ, బిడ్డనూ కలిపి వుండనిచ్చింది. పక్కన పడుకున్న మరో కుటుంబం అదే కష్టంలో వున్నది. ఆసుపత్రి గోడ మాత్రం కుటుంబాన్ని గేటు దగ్గరే ఆపివేసింది. జనం శాస్త్రాన్ని కాదనలేదు. శాస్త్రమే వాళ్ళ దగ్గరకు రాలేదు.

ఆ గోడను లోపలి నుంచి బద్దలుకొట్టినవారున్నారు. 1950లలో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, బంధువులను రోగులతోపాటు వుంచారు. జబ్బు సంగతి వాళ్ళకు విడమరచి చెప్పారు. మండపంలోని మేలును తీసుకొని, భూతవైద్యాన్ని వదిలారన్నమాట. 1975లో బెంగుళూరు సమీపాన సకల్వారలోనూ, చండీగఢ్ వైద్యులు రాయపూర్ రాణిలోనూ, వైద్యాన్ని పల్లెకే తీసుకుపోయారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ఏర్పడింది. 1985లో బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల డాక్టర్లకూ, ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణ యిచ్చి చూశారు. బళ్ళారి 1953 దాకా మనతో కలిసి మద్రాసు రాష్ట్రంలో వుండిన జిల్లా. యీనాటికీ అక్కడ తెలుగు వినబడుతుంది. ఆ నమూనాయే 1996లో మెదక్ జిల్లాకు వచ్చింది.

అయితే యీ చరిత్రలో పసివాడు చాలాకాలం లేడు. బొంబాయిలో 1937లో టాటా సాంఘిక సేవా విద్యాలయం తరఫున పిల్లల మార్గదర్శక కేంద్రం తెరిచారు. కాని అది నగరం దాటలేదు. మెట్టప్రాంతపు పత్తి, మిరప చేలలో కౌలురైతుకు అప్పు పెరిగితే, పురుగుమందు డబ్బా ఇంట్లోనే వుంటుంది. తండ్రి పోయిన తర్వాత బడి మానిన పిల్లవాడు మాట్లాడటమే మానివేస్తే, వాడిది 'మొండితనం' అవుతుంది. 2015-16 జాతీయ సర్వే 13-17 ఏండ్ల పిల్లల్లో నూటికి 7.3 మందికి మానసిక రుగ్మతలున్నాయని తేల్చింది. వీరిని ముందుగా చూడగలవారెవరు? డాక్టరు కాదు, బడిపంతులు, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు.

ఇక్కడే వర్గప్రశ్న వస్తుంది. పల్లె మనస్సును కాపాడే భారం మోసే స్త్రీలకు జీతం లేదు, 'గౌరవ వేతనం' వున్నది. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మె చేస్తే, ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. సమాజమే చూసుకోవాలన్న మాట కొన్నిసార్లు ప్రభుత్వ బాధ్యతను పేదస్త్రీ నెత్తిన పెట్టడానికి పనికివస్తుంది. యీ మోసాన్ని గుర్తించాలి.

మన వైపునా ఒక లోపం వున్నది. సమాజం మారితే మనోవ్యాధులు వాటంతటవే పోతాయనీ, అంతదాకా యిది బూర్జువా విలాసమనీ అనేవారున్నారు. అప్పు, అవమానం మనస్సును విరుస్తాయన్నది నిజం. కాని విరిగిన కాలుకు కట్టు కట్టడానికి విప్లవం దాకా ఆగమని ఎవరూ అనరు. మందుతో తగ్గే మూర్ఛను, మాటతో తేలికపడే దుఃఖాన్ని వాయిదా వేయడం శాస్త్రీయ దృక్పథం కాదు.

2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం గొలుసులను నిషేధించింది; చికిత్స పొందే తల్లి నుంచి మూడేండ్ల లోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదన్నది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాడిని నేరస్థుడిగా గాక, తీవ్రమైన ఒత్తిడిలో వున్నవాడిగా చూడమన్నది. 1912తో పోలిస్తే యిది పెద్ద మలుపు. అయినా చట్టం దానంతటది వత్సవాయి చేరదు. మండలకేంద్రంలో క్రమం తప్పకుండా మందులు, బడికి వచ్చిపోయే సలహాదారు, కార్యకర్తకు న్యాయమైన జీతం — యివి దయాధర్మాలు కావు, హక్కులు. వీటిని రైతుసంఘం, ఉపాధ్యాయ సంఘం, విద్యార్థి సంఘం తమ కోర్కెల పత్రాల్లో చేర్చిననాడే, ఆ మాటాడని పిల్లవాడు చరిత్రలోకి వస్తాడు.