పశ్చిమ ప్రకాశం మెట్టచేలకు విత్తనం వచ్చిన దారి

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతం నల్లమలకు తూర్పున వర్షచ్ఛాయలో ఉంది. నైరుతి మేఘం చాలావరకు కొండలకు అవతలే కురిసిపోతుంది. ఈశాన్య వాన తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి సన్నగిల్లుతుంది. కంభం చెరువు కింద వరి పండినా, చుట్టూ ఉన్నదంతా ప్రధానంగా మెట్టే. సజ్జ, కొర్ర, జొన్న, కంది, ఆముదం ఇక్కడి పాత పంటలు. ఇలాంటి నేలలో వాన వెనకబడితే పైరు నిలుస్తుందా, తెగులుకు తట్టుకుంటుందా అన్నవే విత్తనానికి మొదటి పరీక్షలు. ఎకరాకు ఎన్ని బస్తాలన్నది ఆ తర్వాతి మాట. పరిశోధన కేంద్రాలకు ఈ వరస బోధపడటానికి చాలా ఏళ్లు పట్టింది, అందుకు రైతులు మూల్యం కూడా చెల్లించారు.

శాస్త్రం రాకముందు విత్తనం ఎంపిక ఇంటి పని. కోతకు ముందే నిండు కంకులు చూసి వేరుగా కోసి, ఎండబెట్టి, బూడిదో వేపాకో కలిపి కుండల్లో దాచేవారు. సజ్జ పరపరాగ సంపర్కం మీద బతికే పంట. కంకిలో కీలాగ్రాలు ముందు బయటికి వస్తాయి, పుప్పొడి తర్వాత రాలుతుంది. అందువల్ల గింజకు తండ్రి చాలాసార్లు పక్క మొక్కే. నాటు సజ్జ చేనులో ఏ రెండు మొక్కలూ అచ్చంగా ఒకేలా ఉండవు. తెగులు వస్తే కొన్ని చచ్చి కొన్ని మిగిలేవి. దిగుబడి తక్కువే అయినా చేను మొత్తం తుడిచిపెట్టుకుపోవడం అరుదు.

1906లో నంద్యాలలో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం మొదలైంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివే కనుక, కొండకు అవతల ఉన్నా నంద్యాల వీటికి సొంత జిల్లా క్షేత్రమే. పత్తి, జొన్న, కొర్ర అక్కడి ముఖ్య పరిశోధనలు. కొర్రలో సంకరం చేయడం కష్టమైన పని. పువ్వు చాలా చిన్నది, ఎక్కువగా అర్ధరాత్రి నుంచి తెల్లవారేలోపు విచ్చుకుంటుంది, తన పుప్పొడితోనే గింజ కడుతుంది. అందుకని మేలైన మొక్కలను ఏరి వంశం నిలబెట్టడమే చాలాకాలం ప్రధాన పద్ధతిగా సాగింది. కృష్ణదేవరాయ, నరసింహరాయ, ఆ తర్వాత ఎస్ఐఏ 3085, సూర్యనంది రకాలు నంద్యాల నుంచి వచ్చినవే. స్వపరాగ పంట కావడంతో కొర్ర రైతు తన గింజనే మళ్లీ విత్తుకోగలడు. పేద మెట్టకు ఇది చిన్న మేలు కాదు.

సంకర విత్తనం ఆలోచన అమెరికా మొక్కజొన్న నుంచి వచ్చింది. మొక్కజొన్నను తన పుప్పొడితోనే తరాల తరబడి ఫలదీకరిస్తే బక్కచిక్కుతుంది. అలాంటి రెండు వంశాలను కలిపితే పుట్టే మొక్క తల్లిదండ్రులిద్దరినీ మించుతుంది. జార్జ్ షల్ 1908లో ఈ సంగతిని ప్రకటించాడు. భారతదేశంలో 1957లో అఖిల భారత సమన్వయ మొక్కజొన్న పథకం మొదలైంది. 1961లో విడుదలైన తొలి సంకరాల్లో డెక్కన్ ఒకటి. అయితే పూత దశలో నీరందకపోతే మొక్కజొన్న గింజ పట్టదు. అందువల్ల ఈ ప్రాంతంలో అది బోరు ఉన్నచోటి పంటగానే నిలిచింది.

సజ్జకు ఈ పద్ధతి అంత సులువుగా అమరలేదు. చిన్న పూలలోంచి పుప్పొడిని చేత్తో తీయడం సాధ్యం కాదు. అమెరికా జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ తయారుచేసిన, పుప్పొడి పుట్టని టిఫ్ట్ 23ఏ వంశం ఆ అడ్డంకిని తీసేసింది. దాన్ని తల్లిగా వాడి లూధియానాలో డి.ఎస్. అథ్వాల్ హెచ్‌బీ-1ను రూపొందించారు. 1965లో అది విడుదలైంది. దిగుబడి నాటు సజ్జను ఎంతో మించింది. వెంట వచ్చిన హెచ్‌బీ సంకరాలకూ అదే తల్లి. తప్పు అక్కడే జరిగింది. వెర్రి కంకి తెగులు ఎరుగని నేలలో పుట్టిన ఆ వంశానికి దాన్ని ఎదుర్కొనే శక్తి లేదు. 1970ల తొలి ఏళ్లలో తెగులు దేశమంతటా విజృంభించింది. కంకి గింజ కట్టడానికి బదులు ఆకుల గుత్తిగా మారిపోయింది. లక్షల ఎకరాల్లో ఒకే తల్లి బిడ్డలుండటంతో తెగులుకు అడ్డే లేకపోయింది.

1972లో పటాన్‌చెరులో నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ అనుభవంతోనే పని మొదలుపెట్టింది. తెగులు సోకే వరుసలను ముందే విత్తి, వాటి మధ్య కొత్త వంశాలను పెంచి, నిలిచినవాటినే ఉంచుకున్నారు. 1982లో వచ్చిన డబ్ల్యూసీ-సీ75 సంకరం కాదు, బహిరంగ పరాగ సంపర్క రకం. రైతు కొన్నేళ్లు గింజ నిలుపుకోవచ్చు. 1988లో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌లకు విడుదలైన ఐసీటీపీ 8203కు మూలం ఆఫ్రికాలో టోగో ఉత్తరభాగపు ఇనియాడి సజ్జ. త్వరగా పండటం, లావు గింజ దాని గుణాలు. దాన్నే మరింత మెరుగుపరిచి, ఇనుము ఎక్కువున్న ధనశక్తి రకాన్ని తెచ్చారు.

కంది చరిత్ర ఇంకా నెమ్మదిగా నడిచింది. ఎండు తెగులు, వెర్రి తెగులు, శనగపచ్చ పురుగు దీని శత్రువులు. గుంటూరు లాం క్షేత్రం ఎల్ఆర్‌జీ 30, ఎల్ఆర్‌జీ 41 రకాలను ఇచ్చింది. రెండు తెగుళ్లనూ తట్టుకునే ‘ఆశ’ రకం 1993లో ఇక్రిశాట్ నుంచి వచ్చింది. సంకరం కోసం 1991లో తెచ్చిన ఐసీపీహెచ్ 8 విత్తనోత్పత్తి దగ్గర ఆగిపోయింది: తల్లి వరుసల్లో పుప్పొడి ఉన్న సగం మొక్కలను పూత సమయంలో ఒక్కొక్కటిగా పీకేయాలి. ఒడిశా, బస్తర్ కొండల్లో కనిపించే అడవి కంది నుంచి పుప్పొడి పుట్టని గుణాన్ని తెచ్చాకే చిక్కు వీడింది. ఆ దారిలో ఐసీపీహెచ్ 2671 అనే సంకరం 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైంది.

కందిపూల మీద తేనెటీగలు వాలుతాయి కాబట్టి పక్క చేను పుప్పొడి ఈ చేనులోకి వస్తుంది, రకం కొన్నేళ్లలో కల్తీ అవుతుంది. సొంత కంది గింజనే విత్తుకునే రైతు మూడు నాలుగేళ్లకోసారి పరిశోధన కేంద్రం నుంచి శుద్ధమైన విత్తనం తెచ్చుకోవడం అవసరం.