విల్లువీణ నుండి మెట్లవీణ వరకు



సరస్వతీదేవి పటమును చూచినపుడు, అమ్మవారి ఒడిలోని వీణ వేదకాలము నుండియు అదే రూపమున ఉన్నదని మనమందరము తలచుచుందుము. చెప్పినచో కొందరి మనస్సు నొచ్చునేమో గాని, ఆ రూపము సుమారు నాలుగు వందల సంవత్సరముల నాటిది మాత్రమే. వీణ యను పేరు ప్రాచీనము. ఆ పేరు ధరించిన వాద్యము మారినది.

ప్రాచీన వీణ ఎట్లుండెడిదో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. అమరావతి స్తూప శిల్పములలో కనిపించు వీణ విల్లువలె వంగియుండును. క్రింద తోలు కప్పిన తొట్టి, దానినుండి లేచిన వంపుకొమ్ము, రెంటి నడుమ తంత్రులు. మెట్లు లేనే లేవు. క్రీ.శ. 4వ శతాబ్దిలో సముద్రగుప్తుడు తన నాణెములపై వాయించుచున్నదియు ఇట్టిదే. భరతముని నాట్యశాస్త్రమున 7 తంత్రుల చిత్రావీణను వ్రేళ్లతోను, 9 తంత్రుల విపంచిని కోణముతోను వాయింపవలెనని చెప్పెను.

ఇచట ఒక సూక్ష్మమున్నది. విల్లువీణలో ఒక్కొక్క తంత్రికి ఒక్కొక్క స్వరము. మూర్ఛన మారినచో తంత్రులను మరల శ్రుతి చేయవలసినదే. స్వరమును ఊపుటకును, జార్చుటకును అందు తావు తక్కువ. రాగమునకు గమకము ప్రాణమైన కొలదియు ఆ వాద్యము వెనుకబడినదని మాకు తోచుచున్నది.

మధ్యయుగమున దాని స్థానమును దండవీణలు పొందినవి. దండమునకు సొరకాయ బుర్ర కట్టి, దానిపొడవున తంత్రిని బిగించి, ఒకే తంత్రిపై అన్ని స్వరములను పలికించిరి. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆశ్రయమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరము రచించెను. అందు ఏకతంత్రీ వీణకు అగ్రస్థానము. దండమే శివుడు, తంత్రియే ఉమాదేవి, బుర్ర బ్రహ్మయని ఆయన భావించెను. చూడుడు! వాద్యము క్రొత్తదైనను భక్తి దానిని విడువలేదు. ఏకతంత్రికి మెట్లు లేవు, కిన్నరికి కలవు. ఆ మెట్లే తరువాతి కథకు మూలము.

1550లో విజయనగరమున రామరాయల ప్రోత్సాహముతో రామామాత్యుడు స్వరమేళకళానిధిని రచించి, వీణ మెట్లపై స్వరస్థానములను నిర్ణయించెను. 17వ శతాబ్ది పూర్వార్ధమున, తంజావూరు రఘునాథనాయకుని కాలమున, 24 మెట్ల వీణ స్థిరపడినదని సంప్రదాయము. ఆ ప్రభువు తెలుగు కవి కూడను. బొబ్బిలిలో పనసకొయ్యను తొలిచి ఏకాండముగా చేయు వీణ ఈ కుటుంబములోనిదే. దాని మెట్లను మైనముపై నిలుపుదురు.

మద్దెలల మాట వేరు. భరతుని కాలమున మృదంగపు మూతలకు మెత్తని మట్టి పూసి శ్రుతి చేసెడివారు. తరువాత మట్టి పోయి గట్టి నల్లని ముద్ద వచ్చినది. పూత పెట్టు పద్ధతి మాత్రము నిలిచినది.

విల్లువీణకు ఆ భాగ్యము లేకపోయినది. మన దేశమున శాస్త్రీయ సంగీత సభల నుండి అది తొలగిపోయినది. దాని చుట్టము నేటికిని బర్మాలో సౌంగ్ అను పేర మ్రోగుచున్నది. ఇకమీదట ప్రాచీన శిల్పముల చెంత నిలిచినపుడు వీణ చేతబట్టిన మూర్తిని ఒకింత పరిశీలింపుడు. కొమ్ము విల్లువలె వంగినదా, లేక నిటారు దండమునకు బుర్ర వ్రేలాడుచున్నదా? శిల్పి ఏ కాలపు నాదమును విన్నాడో అచటనే తెలియును.