ఊరి బండ, ఇంటి గాలి

బంగారుపేట నుంచి బెంగళూరు వెళ్లే రైలు మాలూరు చేరకముందే టేకల్ స్టేషన్ వస్తుంది. ఎటు చూసినా గ్రానైట్ గుట్టలే. ఇంటి గోడకూ, పునాదికీ, పొలం గట్టుమీది కంబానికీ ఆ రాయే ఆధారం. ఆ రాతికీ, మనం పీల్చే గాలికీ ఉన్న సంబంధాన్ని ఈ ప్రసంగంలో తెలుసుకుందాం.

గ్రానైట్‌లో యురేనియం అతి స్వల్పంగా ఉంటుంది. అది క్రమంగా క్షీణిస్తూ రేడియంగా, రేడియం రేడాన్ అనే వాయువుగా మారుతుంది. రేడాన్‌కు రంగు లేదు, వాసన లేదు. నేల పగుళ్ల గుండా ఇంట్లోకి చేరుతుంది. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది. మూసిన గదిలో మాత్రం పేరుకుంటుంది.

దీని కీడు మొదట గని కార్మికులకే తెలిసివచ్చింది. జర్మనీలోని ష్నీబెర్గ్ గనుల్లో పనిచేసేవారు వయసులోనే రొమ్ము జబ్బుతో చనిపోతూ ఉండేవారు. అది ఊపిరితిత్తుల క్యాన్సర్ అని 1879లో హార్టింగ్, హెస్సె అనే వైద్యులు గుర్తించారు. రేడియం నుంచి ఒక వాయువు వెలువడుతోందని 1900లో డోర్న్ కనుగొన్నాడు. ఆ రెంటికీ ముడిపడడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

మన కోలారు బంగారు గనుల్లో 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ పని నడిపింది. అక్కడి కార్మికుల ఊపిరిని ఎక్కువగా తీసింది రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్. 2001లో గనులు మూతపడ్డాయి. కాని రేడాన్ గనికే పరిమితం కాదు.

1984లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, ఇంకా విద్యుదుత్పత్తి మొదలుకాని అణు కేంద్రంలోకి స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు అడుగుపెట్టగానే అలారం మోగింది. వెతికితే, ఆ రేడియోధార్మికత ఆయన ఇంటి నుంచే వచ్చింది! ఇళ్లను పరీక్షించాలన్న ఆలోచన ఆ తరువాతే ఊపందుకుంది.

మరి టేకల్ వంటి ఊళ్లలో మారిందేమిటి? పూర్వం చెరువు నీళ్లు, దిగుడుబావి నీళ్లు. ఇప్పుడు వందల అడుగుల లోతున రాతి పగుళ్లలోంచి బోరునీళ్లు వస్తున్నాయి. తూర్పు కర్ణాటకలోని 73 గ్రామాల బోరునీళ్లను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఎక్కువ గ్రామాల్లో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాముల హద్దు దాటింది. వాటిలో కోలారు జిల్లా ఊళ్లూ ఉన్నాయి. ఇక ఇళ్లా, గాలి ఆడే మిద్దెలు పోయి కిటికీలు బిగించిన గదులయ్యాయి.

భయపడి రాతి ఇల్లు విడవనక్కరలేదు, కొలిస్తే చాలు. చిన్న డబ్బాలో ప్రత్యేకమైన ఫిల్మ్ పెట్టి గదిలో సుమారు మూడు నెలలు ఉంచుతారు. రేడాన్ కిరణాలు దానిమీద వేసే గీతలను ప్రయోగశాలలో లెక్కిస్తారు. ఘనమీటరుకు 100 బెకరల్ లోపు ఉండడం మేలనీ, 300 దాటరాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించింది.

అంతవరకు ఉదయం, రాత్రి కిటికీలు తీయండి. నేల పగుళ్లకు సిమెంటు పూయండి. బోరునీటిని ఆరుబయట తొట్టిలో కొంతసేపు ఉంచితే రేడాన్ చాలావరకు పోతుంది. యురేనియం మాత్రం కాచినా పోదు. ఆ నీటిని పరీక్ష చేయించాలి. పొగతాగేవారికి రేడాన్ ముప్పు మరీ ఎక్కువ, బీడీ మానండి. బండ మన ఊరి సొత్తు. దాని లోపలి గాలి లెక్క తెలుసుకుని బతుకుదాం.