నార్జి సున్నపురాయి

నార్జి సున్నపురాయి కడప, నంద్యాల జిల్లాల్లోనూ పల్నాడులోనూ పరుచుకున్న అవక్షేప శిల. జనం నోట ఇది నాపరాయి. ముంబయి వంటిళ్లలో గట్టుకు పరిచే నల్లబండ కూడా ఇదే; అక్కడ దాన్ని 'కడప్పా' అంటారు. ఆ పేరును నమ్మి దీన్ని కడప శిలల్లో చేర్చకూడదు. భూవిజ్ఞానుల లెక్కలో ఇది కర్నూలు సముదాయానిది.

ఈ తేడా పట్టినవాడు విలియం కింగ్. మద్రాసు రాజధానిలోని ఈ ప్రాంతంపై ఆయన నివేదికను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 1872లో అచ్చువేసింది. కడప శిలలు పేరుకున్నాక కొంత అరిగిపోయాయి. ఆ అరిగిన నేల మీద కొత్త పొరలు కూర్చున్నాయి. ఆ కొత్తవాటికి కింగ్ కర్నూలు పేరు పెట్టి, బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు అని నాలుగు వరుసలు చేశాడు. అన్నీ ఊళ్ల పేర్లు, ఏటి పేర్లే. జమ్మలమడుగు వరుసలో అడుగున నార్జి సున్నపురాయి, దానిపైన అవుకు షేలు. ఇంకా కిందనున్న బనగానపల్లె గులకరాతి పొరలోనే ఒకప్పుడు వజ్రాల కోసం గోతులు తవ్వారు.

మందం చాలాచోట్ల 100 నుంచి 200 మీటర్లు. రంగు బూడిద, నీలి, నలుపు. అక్కడక్కడ గోధుమ ఛాయ. లోతులేని సముద్రంలో మెత్తటి సున్నపు బురద నిదానంగా దిగి గట్టిపడింది. పొరకూ పొరకూ నడుమ పలుచని మట్టి తెర మిగిలింది. గనిలో పనివాడికి ఆ తెరే ఆధారం: అంచున ఉలి ఆనించి సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, సందులో గడ్డపార దూర్చి ఎత్తితే మంచంత పలక లేస్తుంది. పడమటి ప్రాంతంలో పొరలు పెద్దగా ముడతలు పడలేదు కనుకే ఇది సాధ్యం. చీలకుండా ముద్దగా ఉన్న మందపాటి పొరలు సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్తాయి. పిడుగురాళ్ల సున్నం బట్టీలకూ ఈ జాతి రాయే ముడిసరుకు.

వయసు మాత్రం తెగని తగవు. కాలాన్ని పట్టిచ్చే గవ్వలు, ఎముకలు ఇందులో దొరకవు. అందుకే సుమారు 54 కోట్ల ఏళ్ల కిందట ముగిసిన ప్రొటెరోజోయిక్ మహాయుగానిదని ఎక్కువమంది భావిస్తారు.

నాపరాతి గట్టు మీద కోసిన నిమ్మచెక్కను రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి అక్కడ మెరుగు పోయి తెల్లటి మచ్చ తేలుతుంది. పులుపుకు సున్నపురాయి కరుగుతుంది. గ్రానైటు అలా కరగదు.